రెండు గంటల ఏడు నిమిషాల ఉతుకు

జూలై 2, 2023, ఆదివారం

మళ్ళీ డైరీ మొదలుపెట్టాను. పెళ్ళయితే ఇలాంటి అలవాట్లు పోతాయంటారు. నాకు పెళ్ళయ్యాకే దీనితో పని పడింది.

శంకర్ నగర్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి, ఊరి చివర మిల్లుల మధ్య బీర్‌గావ్‌లో ఈ ఇంటికి వచ్చి నెల దాటింది. ముప్ఫై తొమ్మిదేళ్ళకి పెళ్ళేమిటని నవ్వినవాళ్ళంతా పెళ్ళికి వచ్చి శుభ్రంగా భోంచేసి వెళ్ళారు కాబట్టి వాళ్ళతో నాకు పేచీ లేదు. మురళీమోహన్ మంచి మనిషి. రోలింగ్ మిల్లులో షిఫ్టులు, మాట తక్కువ, కోపం ఇంకా తక్కువ. మొదటి భార్య దివ్య పోయి మూడేళ్ళయింది. కూతురు లహరికి పదమూడు.

లహరి నాతో గొడవ పడదు. పెడితే తింటుంది, అడిగితే చెబుతుంది. నన్ను ‘మీరు’ అంటుంది కానీ దేనితోనూ పిలవదు. నన్ను పిలవాల్సి వస్తే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పిన్ని అనమని వాళ్ళ అమ్మమ్మ నాంచారమ్మగారు చెప్పారట. అనలేదు. నాకేం పట్టింపు లేదు.

ఆ నాంచారమ్మగారే ఈ రోజు భిలాయి నుంచి ఫోన్ చేశారు. పిల్లని తన దగ్గర పెట్టుకుని అక్కడి స్కూల్లో చేర్పిస్తారట. మా ఆయన నిర్ణయాన్ని లహరికే వదిలేశారు, దసరా సెలవుల లోపు చెప్పమన్నారు. అది “సోచ్ కే చెప్తాను” అని ఆలోచించుకోవడానికి లేచి వెళ్ళిపోయింది.

పట్టింపు లేదని పైన రాశాను. ఉంది. అది వెళ్ళకూడదని ఉంది. బయట ఎవరికీ చెప్పను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

జూలై 4

ఒక ఇంట్లో రెండు వాషింగ్ మెషిన్లున్నాయి. పక్కింటివాళ్ళు చూసి నవ్వుతున్నారు. ఒకటి ఈ ఇంటిది, బాత్రూమ్ పక్కన ఉంటుంది. రెండోది నేను వెంట తెచ్చుకున్నది, వెనక వరండాలో. విచిత్రమేమిటంటే రెండూ ఒకే కంపెనీ, ఒకే మోడల్. ఆయన ఒకటి అమ్మేద్దామంటారు. ఏది అన్నది మాత్రం ఎవరమూ అనం.

తనవీ నాన్నవీ లహరే ఉతుకుతుంది. తల్లి పోయినప్పటి నుంచీ దాని పని అదేనట. నావి నేను నా మెషిన్లో వేసుకుంటాను. మొదటి వారంలో “నీ యూనిఫామ్ కూడా ఇలా పడెయ్యి” అన్నాను. “వద్దండీ” అంది. ఎంత మర్యాదగా అందో, మళ్ళీ అడగలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నా మెషిన్ గంటా పదికి ఆగుతుంది. దానిది మొదట్లోనే ఒక గంటా యాభై నాలుగు చూపిస్తుంది. రెండింటి నాబ్‌లూ ‘కాటన్’ మీదే ఉన్నాయి, నా కళ్ళతో చూశాను. పైగా శంకర్ నగర్‌లో ఉన్నప్పుడు నాది గంటలోపే ఆగేది. ఎందుకు?

జూలై 9, ఆదివారం

కొంత తేలింది. నీళ్ళు. శంకర్ నగర్‌లో మేడ మీద పెద్ద ట్యాంకు, కుళాయి తిప్పితే నీళ్ళు మీద పడేవి. ఇక్కడ ట్యాంకు మన నెత్తికి కొంచెం పైన ఉంటుంది, అంతే. బకెట్ నిండేలోపు ఒక ఉల్లిపాయ తరుక్కోవచ్చు. మెషిన్ నీళ్ళు నిండేదాకా ఊరికే కూర్చుంటుంది, ఆ కూర్చున్న సేపు గడియారం కదలదు. నా మెషిన్‌కి ఇక్కడ పెరిగిన సమయం అదే.

కానీ లహరి మెషిన్‌కీ అదే ట్యాంకు. దాని లెక్క ఇంకా తేలలేదు.

బకెట్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన పేపర్ దించి, టైము కొలిచి ఏటి చేస్తావని అడిగారు. తెలుసుకుంటానన్నాను. తెలుసుకుని ఏటి చేస్తావు అన్నారు. బకెట్ మళ్ళీ కుళాయి కింద పెట్టాను. లహరి గుమ్మంలో నిలబడి వింది. నేను అటు చూడగానే వెళ్ళిపోయింది. నవ్వు ఆపుకుందేమో అనిపించింది. నాకు అనిపించడమే.

జూలై 13

ఆఫీసులో అందరినీ అడిగాను. అడుక్కునేదానికి అరవై కూరలన్నట్టు కారణాలే కారణాలు. ఒకరు వోల్టేజీ అన్నారు. ఒకరు సబ్బు ఎక్కువైతే నురగ పోయేదాకా మెషిన్ తనంతట తానే మళ్ళీ జాడిస్తుందన్నారు. ఒకరు, బట్టలన్నీ ఒక పక్కకి చేరితే పిండేటప్పుడు ఎగరకుండా ఉండటానికి ఆగి సర్దుకుని మళ్ళీ మొదలుపెడుతుందని, వాళ్ళింట్లో ‘తొమ్మిది నిమిషాలు’ అని చూపించి అరగంట అక్కడే ఉంటుందని చెప్పారు. దుర్గారావుగారు అంతా విని, మీ కష్టం ఏం కష్టం, మా ఇంటికొచ్చి డ్రయర్ చూడండి అన్నారు.

జూలై 16, ఆదివారం

చూసొచ్చాను. ఆదివారం పూట కొత్త పెళ్ళికూతురు స్కూటీ వేసుకుని ఒకరింటి డ్రయర్ చూడటానికి శంకర్ నగర్ వెళ్ళిందంటే ఎవరూ నమ్మరు. దుర్గారావుగారి భార్య నమ్మారు, ఆవిడ కడుపుమంట అలాంటిది. ఈ వానలకి బట్టలు ఆరక కొన్నారట. గంటన్నర అని చూపించి మూడు గంటలు తిరుగుతుంది. అదే డ్రయర్ వాళ్ళ చెల్లెలింట్లో చెప్పిన టైముకి ఆగుతుందట.

చూస్తే అందులో జీన్సు ప్యాంట్లూ చున్నీలూ కలిపి వేశారు. చున్నీలు ఎప్పుడో ఎండిపోయాయి, ప్యాంటు జేబులు తడిగానే ఉన్నాయి. దానికి గడియారంతో పని లేదు. తడి తగులుతున్నంతసేపూ తిరుగుతుంది, తగలకపోతే ఆగుతుంది. మొదట చూపించేది ఉత్త అంచనా. జాలీ లాగి చూస్తే అంగుళం మందాన నూగు పేరుకుని ఉంది, గాలి ఎటు పోతుంది పాపం. ఆవిడకి ఆ జాలీ ఉందనే తెలియదు. నేను బిర్యానీ తిని వచ్చాను.

మా ఇంట్లో డ్రయర్ లేదు. మేడ మీద ఆరేస్తే తెల్లబట్టల మీద నల్లటి పొడి పడుతుంది, అందుకని ముందుగదిలో ఫ్యాన్ కింద స్టాండు. దాని మీద కుడివైపు వాళ్ళిద్దరివి, ఎడమవైపు నావి. ఎవరూ గీత గీయలేదు, అలా కుదిరిపోయింది.

జూలై 22

మెకానిక్ వీరేంద్రని పిలిపించాను. మూత కూడా తీయకుండా “కార్డ్ ఖరాబ్ హై మేడమ్” అన్నాడు, లోపలి సర్క్యూట్ పోయిందని. ఇంకో మెషిన్ అదే మోడల్ గంటా పదికి ఆగుతోంది చూడమంటే చూసి, దాని కార్డు కూడా పోయేలా ఉందన్నాడు. టీ ఇచ్చి పంపేశాను.

లహరి స్కూల్ నుంచి వచ్చి, మెషిన్ దగ్గరికి ఎవరొచ్చారని వాళ్ళ నాన్నని అడిగింది. నన్ను అడగలేదు.

జూలై 27

దొరికింది!

ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టాను. ఇంట్లో ఎవరూ లేరు. లహరి మెషిన్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కొక్క మీటా నొక్కి చూశాను. మొదట ఖాళీ డ్రమ్ముతో, తరవాత రెండు తువ్వాళ్ళతో, తరవాత తడి దుప్పటితో. స్టార్ట్ నొక్కగానే నీళ్ళు రావు. ముందు బట్టల్ని పొడిగానే అటూ ఇటూ నాలుగుసార్లు తిప్పుతుంది. అప్పుడు టైము మారుతుంది. అంటే బరువు తూస్తోంది! మోయగలిగినన్ని బట్టలకి ఎక్కువసేపు, నాలుగు గుడ్డలకి తక్కువసేపు. ఇన్నేళ్ళూ వాడుతూ ఈ సంగతి చూడలేదు నేను.

కానీ తేడా అది ఒక్కటే కాదు. చివర్న ఒక మీట మీద ఎర్రటి బొట్టుబిళ్ళ అంటించి ఉంది. ఇన్నాళ్ళూ ఊరికే అంటించారనుకున్నాను. మనవాళ్ళు అద్దం మీదా, బీరువా మీదా, స్నానాలగది గోడ మీదా అంటిస్తారు కదా. అది నొక్కితే పక్కన ఏవో నాలుగు దీపాలు వెలిగి, నాబ్ ఎక్కడున్నా సరే రెండు గంటలకి దగ్గరగా చూపించింది. ఎవరో ఎప్పుడో పొరపాటున నొక్కిపట్టి ఉంటారు. మెషిన్ ఆ చెత్తనంతా గుర్తుపెట్టేసుకుని ప్రతిసారీ అదే చేస్తోంది. పాపం లహరి స్కూలుకి వెళ్ళేముందు ఇది ఆగడం కోసం యూనిఫామ్‌లో ఎదురుచూస్తుంటుంది.

యాభై తొమ్మిది నిమిషాల ఉతుకు పెట్టి అదే మీట గట్టిగా నొక్కిపట్టాను. ‘కుయ్’ మని పాతది చెరిపి కొత్తది గుర్తుపెట్టుకుంది. అయిపోయింది. బిళ్ళ నా బొటనవేలికి అంటుకుని వచ్చేసింది, జిగురు ఎప్పుడో పోయినట్టుంది. చెత్తబుట్టలో వేశాను.

ఆ పిల్లకి రోజుకి ఒక గంట మిగిల్చాను. ఈ ఇంట్లో నేను చేసిన మొదటి పనికొచ్చే పని.

జూలై 28

రెండు మెషిన్లూ ఇప్పుడు సమానం. వీరేంద్ర వచ్చి చూసుకోవాలి.

జూలై 29

పొద్దున్న లహరి నా ఎదురుగా వచ్చి నిలబడింది.

“ఏటి చేసారు దీన్ని?”

సంతోషంగా చెప్పాను. గంట మిగిలిందన్నాను. అది మెషిన్ వైపు చూస్తోంది, నా వైపు కాదు.

“ఇక్కడ బిళ్ళ ఉండాలి. ఏదీ?”

ఊడిపోతే పారేశానన్నాను. సరే అన్నట్టు తలూపింది. బుట్ట ఖాళీ అయిందా అని అడిగింది, నిన్ననే బండి వచ్చి తీసుకెళ్ళిందన్నాను. బ్యాగు తగిలించుకుని స్కూలుకి వెళ్ళిపోయింది. టిఫిన్ తినలేదు. డబ్బా కూడా ఇక్కడే వదిలేసింది.

జూలై 30

భిలాయి వెళ్తానని వాళ్ళ నాన్నకి చెప్పిందట.

ఆగస్టు 6, ఆదివారం

మెషిన్‌కీ దాని నిర్ణయానికీ సంబంధం లేదు. పదమూడేళ్ళ పిల్ల, అమ్మమ్మ మీద బెంగ ఉంటుంది. పెద్ద ఊరు, మంచి స్కూలు. నేనైనా అదే చేసేదాన్ని. ఆయన అన్నం కలుపుకుంటూ కూర్చున్నారు చాలాసేపు.

లహరి మెడ గోక్కుంటోంది. చెమట పొక్కులనుకుంటా, ఈ ఉక్కకి. పౌడరు ఇచ్చాను. తీసుకుంది.

ఆగస్టు 9

పొక్కులు తగ్గలేదు. మోచేతుల మడతల్లో కూడా ఎర్రగా ఉంది. ఫుల్ చేతుల చొక్కా వేసుకుని దాచుకుంటోంది.

మెషిన్‌కీ దీనికీ సంబంధం లేదు.

ఆగస్టు 12

ఉంది.

నాంచారమ్మగారు లోకల్ రైలు దిగి ఆటోలో వచ్చారు, పిల్ల బట్టలూ పుస్తకాలూ ఏమేం తీసుకెళ్ళాలో చూసుకోవడానికి. లహరి చెయ్యి పట్టుకోగానే చొక్కా పైకి లాగారు. నన్ను పిలిచారు.

“ఏటమ్మా ఇది? ఓపాలి జాడించి తీసేస్తన్నారా బట్టలు? ఈ బోరునీళ్ళకి సబ్బు వదుల్తాదా? చిన్నప్పుడు పిల్ల ఒళ్ళంతా ఇలాగే పేలిపోతే మా దివ్య ఎన్ని తిప్పలు పడిందో.”

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఏడాది పిల్లప్పుడు మొదలైందట. ఈ నీళ్ళలో సబ్బు కరగదు, కరిగింది వదలదు, గుడ్డకి పట్టుకుని ఉండిపోతుంది. డాక్టర్లయ్యారు, మందులయ్యాయి. చివరికి దివ్యే కనిపెట్టింది, సబ్బు సగం వేసి ఇంకో రెండుసార్లు జాడిస్తే పిల్లకి ఏమీ కాదని. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఉతుకు అంతే.

ఆవిడ వెళ్ళాక ఆయనకి చెప్పాను. అప్పుడు చెప్పారు ఆయన, బిళ్ళ అంటించింది దివ్యేనని. ఆమె ఆస్పత్రిలో చేరేముందు, ఏది నొక్కాలో ఆయనకి తెలియదని, నుదుటి మీది బిళ్ళ తీసి మీట మీద పెట్టిందట. ఎర్రది నొక్కండి చాలు, మిగతాది అదే చూసుకుంటుందని చెప్పిందట. మూడేళ్ళుగా వాళ్ళిద్దరూ ఎర్రది నొక్కుతున్నారు.

దాన్ని నేను చెత్త అని రాశాను. పై పేజీలో ఉంది. కొట్టేద్దామని పెన్ను పెట్టి మానేశాను.

ఆగస్టు 13

రోజంతా ఏడుపు వస్తూనే ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కింది నా అడుసు కూడా కాదు. నాకు తెలుసుకోవాలనే పిచ్చి ఉందని మా అమ్మ ఎప్పుడూ అనేది. కానీ ఎందుకు రెండు గంటలు పడుతోందని ఊరంతా అడిగాను, ఆ మెషిన్ వాడే పిల్లని ఒక్కసారి అడగలేదు. అడిగితే చెప్పేదేమో. చెప్పకపోయినా మీట జోలికి వెళ్ళేదాన్ని కాదు.

నా మెషిన్లో లహరి బట్టలు రెండుసార్లు ఎక్కువ జాడించి ఆరేశాను. ఈసారి అడగకుండానే తీసుకున్నాను. వద్దనలేదు.

ఆగస్టు 15

జెండా వందనం నుంచి వచ్చి లడ్డూ డబ్బా చేతిలో పట్టుకుని కూర్చుంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను, అది నిలబడినట్టే. అమ్మ పెట్టిందని నాకు తెలియదు, అడగకుండా చెరిపేశాను, తప్పు నాదే అన్నాను. బిళ్ళ పారేసిందీ తప్పే అన్నాను.

“ఛోడియే” అంది, వదిలెయ్యమన్నట్టు. లడ్డూ డబ్బాకి మూత పెట్టి, “వాపస్ వస్తదా?” అని అడిగింది.

తెలియదన్నాను. ఏవో నాలుగు దీపాలు వెలిగాయని మాత్రం గుర్తుందని చెప్పాను.

“నాలుగు కాదు. అయిదు. ఒకటి కనపడదు, బల్బు పోయింది.”

నాకు నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. అది తల తిప్పేసుకుంది కానీ ఈసారి నిజంగానే చూశాను.

ఆగస్టు 20, ఆదివారం

పొద్దున్నుంచీ ఇద్దరం మెషిన్ ముందే ఉన్నాం. మీటలు ఎనిమిది, ఒక్కోదాన్ని రెండుమూడు రకాలుగా పెట్టొచ్చు. లహరి ఇంగ్లీషు మీడియం బుర్రతో పర్ముటేషన్ అంది. నేను ఆఫీసు బుర్రతో, ముందు జాడింపులు పెట్టి తరవాత వేడి చూద్దామన్నాను. వాదించుకున్నాం. అది గెలిచింది.

సాయంత్రానికి అయిదు దీపాలూ కుదిరాయి. తనవీ నాన్నవీ వేసి స్టార్ట్ నొక్కింది. డ్రమ్ము నాలుగుసార్లు తిరిగి టైము వచ్చింది: ఒక గంటా యాభై నాలుగు. జూలైలో నేను చూసినది సరిగ్గా అదే. చప్పట్లు కొట్టబోయాను.

“ఇది కాదు” అంది లహరి. “టూ జీరో సెవెన్ రావాలి.”

అమ్మ ఉన్నప్పుడు ఆదివారం పొద్దున్న స్టార్ట్ నొక్కడం దాని పనట. అంకె మారేదాకా నిలబడి చూసి వంటింట్లోకి అరిచేదట, టూ జీరో సెవెన్ అని. దాన్ని బట్టి అమ్మ పప్పు పొయ్యి మీద పెట్టేది. మెషిన్ ఆగి బట్టలు ఆరేసేసరికి అన్నానికి కూర్చునేవాళ్ళు. ఆస్పత్రికి వెళ్ళాక అంకె మారిపోయిందట. మెషిన్ పాడవుతోందనుకుందట పిల్ల. ఎవరికీ చెప్పలేదు, బాగుచేస్తామని ఎవరైనా దాన్ని పట్టుకుపోతారని.

మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాం.

ఆగస్టు 24

మోచేతులు మానుతున్నాయి. మెడ మీద పొక్కులు పోయాయి.

ఆగస్టు 27, ఆదివారం

రెండు గంటల రెండు వచ్చింది ఒకసారి, వేడి పెంచితే. అది కాదంది. రెండు గంటల పన్నెండు వచ్చింది, నానబెట్టడం కలిపితే. అమ్మ నానబెట్టేది కాదంది. కొండని తవ్వుతున్నాం, ఎలక కూడా దొరకలేదు.

గిన్నెలు కడుగుతుంటే నాకు తట్టింది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

మొదటి ఆదివారమే సరిగ్గా కుదిరింది. ఆ అయిదు దీపాలే దివ్యవి. తేడా మీటల్లో లేదు. మెషిన్ తూస్తుంది కదా. రెండు గంటల ఏడు అన్నది ముగ్గురి బట్టల బరువు. ఇప్పుడు అందులో పడుతున్నవి ఇద్దరివే.

లహరికి చెప్పాలి. చెప్పలేను. అమ్మ బట్టలు లేవు కాబట్టి ఆ అంకె రాదని ఎలా చెప్తాను? ఇంకోటి కూడా ఉంది. మూడో మనిషి బట్టలు ఈ ఇంట్లోనే వెనక వరండాలో ఉన్నాయి. ఆ మాట నా నోటితో అంటే, నావి కూడా వెయ్యమని నేను అడుక్కున్నట్టవుతుంది. వద్దండీ అని ఇంకోసారి అనిపించుకునే ధైర్యం నాకు లేదు.

సెప్టెంబర్ 3, ఆదివారం

ఈసారి నేను దూరంగా కూర్చుని బఠాణీలు ఒలిచాను. లహరి ఒక్కతే ప్రయత్నించింది. పెద్ద దుప్పటి కలిపితే రెండు గంటల ఏడు వచ్చింది! ఎగురుతుందనుకున్నాను. దుప్పటి తీసి పక్కన పడేసింది. “ఇది చీటింగ్” అంది.

తరవాత నా వైపు తిరిగి, బట్టలెక్కువైతే టైమెక్కువవుద్దా అని అడిగింది. అవునన్నాను. తూస్తదా అంది. తూస్తుందన్నాను.

డ్రమ్ము తలుపు తెరిచి లోపలికి చూస్తూ చాలాసేపు కూర్చుంది. నేను బఠాణీలు ఒలిచినవే మళ్ళీ ఏరాను.

సెప్టెంబర్ 10

ఆదివారం కానీ మెషిన్ వెయ్యలేదు. స్కూల్ పని ఉందంది. బట్టలు బుట్టలో అలాగే ఉన్నాయి.

సెప్టెంబర్ 13

ఎవరి బట్టలు వాళ్ళు ఉతుక్కున్నాం. దసరాకి ఇంకా నెల ఉంది. నేను లెక్కపెట్టడం లేదు.

సెప్టెంబర్ 17, ఆదివారం

పొద్దున్నే వీధిలో గణేశుడి పందిరికి వెదురు కొడుతున్నారు. వెనక వరండాలో నా బట్టలు విడదీసుకుంటున్నాను. లహరి వచ్చి ఎదురుగా నిలబడింది.

“ఇవన్నీ ఉతకాలా?”

అవునన్నాను. బుట్ట రెండు చేతులతో ఎత్తుకుంది. ఆ నీలం చీర రంగు పోతుందేమో అన్నాను. ఎంత తెలివితక్కువ మాట. అది బుట్ట కింద పెట్టి, నీలం చీర తీసి నా చేతికిచ్చి, మిగతావి మోసుకుని బాత్రూమ్ వైపు వెళ్ళింది.

వెనకే వెళ్ళాను. తనవి వేసింది, నాన్నవి వేసింది. నావి ఒక్కొక్కటే వేసింది, చేత్తో తూకం వేస్తున్నట్టుగా. సబ్బు సగం మూతే పోసింది. అయిదు దీపాలూ పెట్టి, చివరి మీట ‘కుయ్’ మనేదాకా నొక్కిపట్టింది. స్టార్ట్ నొక్కబోయి ఆగి, “మీరు వెళ్ళండి” అంది.

ఎక్కడికని అడిగాను.

“వంటింట్లోకి.”

వెళ్ళాను. ఏ పనీ తోచలేదు. కందిపప్పు డబ్బా తీసి స్టవ్ దగ్గర నిలబడ్డాను. గోడ అవతల డ్రమ్ము ఒకటి, రెండు, మూడు, నాలుగుసార్లు తిరిగింది. ఆగింది. ఏమీ వినపడలేదు. కుదరలేదనుకున్నాను. రెండు గంటల ఏడే రావాలని లేదు కదా, దివ్య బరువు దివ్యది, నా బరువు నాది, ఆ మాట పిల్లకి ముందే చెప్పాల్సింది అనుకున్నాను.

“టూ వన్ వన్!”

ఇల్లంతా వినపడేలా అరిచింది. నైట్ షిఫ్టు నుంచి వచ్చి పడుకున్న ఆయన లేచి కూర్చున్నారు.

నేను పప్పు డబ్బా పట్టుకుని బయటికి వచ్చాను. నాలుగు నిమిషాలు ఎక్కువ వచ్చింది, ఒక చీర తీసేద్దామా అని అడిగాను.

“తీయొద్దు. నీవి బరువు” అంది లహరి. కాసేపు ఆ అంకె వైపే చూసింది. తరవాత గదిలోకి వెళ్ళి నా అద్దం దగ్గరి బొట్టుబిళ్ళల కార్డు తెచ్చి, ఒకటి ఊడదీసి మీట మీద పెట్టి బొటనవేలితో గట్టిగా అద్దింది.

ఈ రోజు పప్పు మాడిపోయింది. ముగ్గురం తిన్నాం.

అక్టోబర్ 20

రేపు భిలాయి ప్రయాణం. లహరి నాలుగు జతలు సర్దుకుంది. స్కూల్ బ్యాగు మంచం మీదే ఉంది, పుస్తకాలు అల్మారాలోనే ఉన్నాయి. నేనేమీ అడగలేదు. నాంచారమ్మగారే ఫోన్ చేశారు.

“సెలవులకే వస్తాదట కదమ్మా. స్కూలు అక్కడేనట. నాకు నాలుగు కారణాలు అప్పజెప్పింది. మంచిదేలే.”

ఆవిడ గొంతులో కొంచెం బాధ ఉంది. నాకు ఎంత సంతోషంగా ఉందో ఆవిడకి తెలియకూడదని పొడిగా మాట్లాడి పెట్టేశాను. పెట్టాక వరండాలోకి వెళ్ళి నా మెషిన్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. దాన్ని అమ్మకానికి పెట్టాం. దుర్గారావుగారి చెల్లెలు కొంటారట. వాళ్ళింట్లో ఎంతసేపు తిరుగుతుందో చెప్పమన్నాను.

అక్టోబర్ 25, బుధవారం

ఎర్రది నొక్కి స్టార్ట్ చేశాను. నాలుగుసార్లు తిరిగి ఒక గంటా యాభై ఆరు చూపించింది. ఎందుకని ఎవరినీ అడగలేదు.

లహరి ఆదివారం వస్తుంది.